పంపరపనస కాయ మీద విమానం దారి

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ చాప మీద చోటుంది. బల్ల మీద పెట్టింది మీకందరికీ కనపడాలి. అవునమ్మా, పంపరపనస కాయే. మా పెరట్లో కాసింది. పక్కనున్నది పూలు కట్టే దారం. ఈ రెండూ ఎందుకు తెచ్చానో కాసేపట్లో తెలుస్తుంది.

నెల కిందట తాటిపాక సెంటర్లో బస్సు కోసం నిలబడి ఉంటే, నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి తల్లి వచ్చి పలకరించింది. చేతిలో మడత పెట్టిన కాగితం. "మాస్టారండీ, మా అమ్మాయి కువైట్ వెళ్తోందండి. ఫోన్లో చూస్తే హైదరాబాద్ నుంచి అక్కడికి మూడు వేల మూడొందల చిల్లర కిలోమీటర్లని వస్తోందండి. టికెట్ మీదేమో పొద్దున్న ఎనిమిదికి బయల్దేరి పదింపావుకి దిగుద్దని ఉందండి. మనం హైదరాబాద్ వెళ్లడానికే రాత్రంతా బస్సులో కూర్చుంటాం కదండీ. రెండుంపావు గంటల్లో అంత దూరం ఎలా వెళ్తదండి? ఈ టికెట్టు నిజమైందేనంటారా?" అని అడిగింది.

ఆవిడ భయం నాకు అర్థమైంది. గల్ఫ్‌కి పంపిస్తామని డబ్బు కట్టించుకుని మాయమైన ఏజెంట్ల సంగతి మన ఊళ్లలో తెలియనిది ఎవరికి? కాగితం తీసుకుని చూశాను. టికెట్టు సరైనదే. "ఏం కంగారు లేదమ్మా, అక్కడి టైమ్ వేరు, మన టైమ్ వేరు" అన్నాను. అంతలో బస్సు వచ్చింది, ఎక్కేశాను. సీట్లో కూర్చున్నాక మనసొప్పలేదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఒక తల్లి లెక్క అడిగితే సగం జవాబు చెప్పి బస్సెక్కేశాను. ఆవిడ అనుమానం మంచి అనుమానం. దూరాన్ని కాలంతో భాగించి చూసుకుంది. రెండుంపావు గంటల్లో 3,370 కిలోమీటర్లంటే గంటకు దాదాపు 1,500. ఏ ప్రయాణికుల విమానమూ ఈ రోజున అంత వేగంతో పోదు. ఆవిడ లెక్కలో తప్పు లేదు. లెక్కలోకి రావాల్సినవి రెండు మూడు బయట ఉండిపోయాయి, అంతే. మిగతా సగం జవాబు చెప్పుకోవడానికే ఇవాళ వచ్చాను.

ముందు దూరం సంగతి.

"ఎంత దూరం" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదని గోదారి ఒడ్డున పుట్టినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. సఖినేటిపల్లి రేవులో నిలబడితే ఎదురుగా నరసాపురం కనపడుతూనే ఉంటుంది. పంటు ఎక్కితే ఇట్టే అవతలి ఒడ్డు. వరదొచ్చి పంటు ఆపేశారనుకోండి, అప్పుడు దిండి దాకా పోయి, చించినాడ వంతెన ఎక్కి, పాలకొల్లు మీదుగా తిరిగి నరసాపురం రావాలి. రెండు ఊళ్లూ ఉన్నచోటనే ఉన్నాయి. మధ్యలో దూరం మాత్రం ఇన్ని రెట్లు పెరిగిపోయింది. విమానానికీ అంతే. రెండు ఊళ్ల మధ్య తిన్నగా ఉన్న దూరం ఒకటి, విమానం నిజంగా తిరిగే దారి ఒకటి. ఫోన్లో మీకు కనపడేది మొదటిది.

ఆ మొదటిది ఎలా కడతారో పిల్లలు చూడండి. ఇది ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలిగిన లెక్క. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు, దాన్ని 360 డిగ్రీలతో భాగిస్తే ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తే ఇది ఎక్కడైనా ఇంతే. తూర్పు పడమరలకు వెళ్తే మాత్రం భూమధ్యరేఖ నుంచి పైకి పోయేకొద్దీ తగ్గుతుంది, ఎందుకంటే రేఖాంశాలన్నీ ధ్రువం దగ్గర కలిసిపోతాయి. మన 17 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీకి 106 కిలోమీటర్లు. ఇప్పుడు రాజమండ్రి పక్కనున్న మధురపూడి విమానాశ్రయం 81.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. శంషాబాద్ 78.4 మీద. రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం, 17 డిగ్రీలు దాటి కాస్త. తేడా 3.4. నూట ఆరుతో గుణించండి. ఎంత వచ్చింది? 360. అదే ఫోన్ చూపించేది కూడా. రోడ్డు మీద నాలుగొందలు దాటుతుంది.

ఊళ్లు దూరమైతే ఇంత తేలిగ్గా తేలదు. దానికే పంపరపనస తెచ్చాను.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కనీసం పదిమంది పిల్లలు ఆ చుట్టుపక్కలే ఉన్నారని నాకు తెలుసు. మన గోడ మీద ప్రపంచ పటం చూసి డల్లాస్‌కి దారి ఎటు అంటే అందరూ పడమర వైపే వేలు పెడతారు. అరేబియా సముద్రం, అరబ్ దేశాలు, ఆఫ్రికా పైభాగం, అట్లాంటిక్, అమెరికా. పటం మీద స్కేలు పెట్టి గీస్తే అలాగే వస్తుంది. సరే, ఇప్పుడు ఈ కాయ చూడండి. ముచ్చిక ఉన్నచోటు ఉత్తర ధ్రువం అనుకుందాం. హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తరం, 78 డిగ్రీల తూర్పు. ఇక్కడ ఒక చుక్క పెట్టాను. డల్లాస్ 33 డిగ్రీల ఉత్తరం, 97 డిగ్రీల పడమర. 78, 97 కలిపితే 175. కాయ చుట్టూ 360 అయితే సగం 180. అంటే డల్లాస్ దాదాపు కాయకు అవతలి పక్కకు పోయింది. ఇదిగో రెండో చుక్క.

బాబూ, నువ్వు రా. ఈ దారం ఒక కొస ఈ చుక్క మీద బొటనవేలితో నొక్కి పట్టుకో. రెండో కొస ఆ చుక్క మీద పెట్టి, వదులు లేకుండా బిగించి లాగు. దారం ఎటు పోయింది?

చూశారా! పడమరకు పోలేదు. తిన్నగా పైకి, ముచ్చిక పక్కనుంచి ఎక్కి అవతలికి దిగింది. హైదరాబాద్‌లో బయల్దేరి, ఇంచుమించు ఢిల్లీ మీదుగా, లడఖ్ వైపు నుంచి మధ్య ఆసియా, సైబీరియా, ఉత్తర ధ్రువానికి అయిదారు వందల కిలోమీటర్ల దూరంలోంచి దాటి, కెనడా మీదుగా డల్లాస్ చేరింది. బిగించి లాగిన దారం గుండ్రటి వస్తువు మీద ఎప్పుడూ అతి తక్కువ దారినే పట్టుకుంటుంది. లెక్క కడితే అది దాదాపు 14,400 కిలోమీటర్లు. ఈ కాయని కాగితం మీదికి తేవాలంటే తొక్క ఒలిచి బల్ల మీద పరచాలి. ఒలిచి పరిస్తే తొక్క చిరుగుతుంది. చిరగకుండా సాగదీసి పరిచిన పటమే గోడ మీద వేలాడేది. 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడలవాళ్ల కోసం ఆ పద్ధతి కనిపెట్టాడు. దిక్కు చూసుకోవడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. దూరం చూసుకోవడానికి పనికిరాదు.

ఈ దారం దారిన నిజంగా విమానాలు పోతాయా అంటే, అలాంటి దారి పట్టినవి ఉన్నాయి. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిరిండియా మొదటి విమానం ఉత్తర ధ్రువం మీదుగా, ఆగకుండా దాదాపు పదిహేడు గంటలు ఎగిరి వచ్చింది. నడిపిన పైలట్లు నలుగురూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం వహించారు. పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవారే, శివానీ మన్హాస్ మిగతావాళ్లు. ఆడపిల్లలు ఈ పేర్లు రాసుకోండి.

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి మాత్రం మనం దోహాలోనో దుబాయ్‌లోనో లండన్‌లోనో దిగి మారుతున్నాం. దోహా మీదుగా అయితే 2,900, అక్కడినుంచి 12,700, మొత్తం 15,600 కిలోమీటర్లు. తిన్నటి దారి కన్నా పన్నెండు వందలే ఎక్కువ. పటం చూసి "ఎంత చుట్టు తిప్పుతున్నారో" అనుకుంటాం గాని, దూరంలో చుట్టు పెద్దగా లేదు. మధ్యలో విమానాశ్రయంలో కూర్చునే గంటలే అసలు చుట్టు.

ఇంకో సంగతి. పైన గీతలు లేని ఆకాశమే కదా, ఎటుపడితే అటు పోవచ్చు అనిపిస్తుంది. కుదరదు. టిబెట్ పీఠభూమి మీద నేలే పద్నాలుగు పదిహేను వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. విమానం లోపల గాలి ఒత్తిడి పోయిందనుకోండి, పైలట్ వెంటనే పది వేల అడుగుల దాకా కిందికి దింపాలి, అప్పుడే జనం మామూలుగా ఊపిరి తీసుకోగలరు. ముఖానికి పెట్టుకునే మాస్కుల్లో ఆక్సిజన్ కొద్ది నిమిషాలకే సరిపోతుంది. నేలే అంతకన్నా ఎత్తుగా ఉంటే ఎక్కడికి దింపుతాడు? అందుకని ఆ కొండల మీద నుంచి వెళ్లడం చాలావరకు తప్పించుకుంటారు. ఇక దేశాల మధ్య తగాదాలు సరేసరి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లేవి చుట్టు తిరగాల్సి వచ్చింది, కొన్ని ఇంధనం కోసం యూరప్‌లో దిగాల్సి వచ్చింది. ఊళ్ల మధ్య దూరం ఒక్క అంగుళం పెరగలేదు. పంటు ఆగిపోయిన రోజు మనం చించినాడ వంతెన ఎక్కినట్టే.

ఇప్పుడు గాలి గురించి చెప్పుకోవాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

మా చిన్నప్పుడు రాజమండ్రి నుంచి ఎగువకు, కూనవరం వైపు లాంచీలు తిరిగేవి. మా నాన్నగారితో ఒకసారి ఎక్కాను. వరద తీసి, నీళ్లు ఇంకా ఎర్రగా పారుతున్న రోజులు. ఇంజను ఆపకుండా మోగుతూనే ఉంది, పాపికొండలు మాత్రం దగ్గరికి రావడం లేదు. ఒడ్డున ఒక తాటిచెట్టుని గుర్తు పెట్టుకుని చూస్తున్నాను. ఎంతసేపటికీ అది పక్కనే ఉన్నట్టుంది. సరంగుని అడిగాను, "మావయ్యా, ఇంకా స్పీడుగా తోలవా?" అని. ఆయన నవ్వి, "నేను తోలేది తోలుతున్నానురా, గోదారి వెనక్కి తోస్తంది. వచ్చేటప్పుడు చూద్దువుగాని" అన్నాడు. నిజంగానే వచ్చేటప్పుడు అదే ఇంజను, అదే మోత, చెట్లు మాత్రం పరిగెత్తాయి.

లెక్క వేద్దాం. లాంచీ వేగం గంటకు 12 కిలోమీటర్లు, ఏటి వేగం 4, దూరం 32. ఎదురెక్కేటప్పుడు 12లోంచి 4 పోతే 8. నాలుగు గంటలు. వాలుకు వచ్చేటప్పుడు 12కి 4 కలిపితే 16. రెండు గంటలు. మొత్తం ఆరు. ఏరు పారకుండా నిలకడగా ఉండి ఉంటే రానూపోనూ 64 కిలోమీటర్లకు అయిదు గంటల ఇరవై నిమిషాలు చాలు. పోయేటప్పుడు నష్టపోయింది వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు. ఎదురులో ఎక్కువసేపు ఉంటాం, వాలులో తక్కువసేపు ఉంటాం, అందుకని. పిల్లలూ, ఇది పరీక్షలో అడుగుతారు, మర్చిపోకండి.

ఆకాశంలోనూ ఇలాంటి ఏళ్లు ఉన్నాయి. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు ఎగిరే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు గంటకు నూట యాభై, రెండొందల కిలోమీటర్ల వేగంతో, ఒక్కోసారి అంతకు మించి గాలి ప్రవాహం పోతుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో అది దక్షిణానికి జరిగి ఉత్తర భారతం మీదికి వస్తుంది. విమానం వేగం గాలిలో గంటకు 850, 900 కిలోమీటర్లు. దానికి ఈ ప్రవాహం ఎదురైతే నేల మీద లెక్కకు తగ్గుతుంది, తోడైతే పెరుగుతుంది. అందుకే మనవాళ్లు గల్ఫ్ వెళ్లేటప్పుడు పట్టే టైమ్ కన్నా ఇంటికి వచ్చేటప్పుడు తక్కువ పడుతుంది. దుబాయ్‌కి హైదరాబాద్ నుంచి 2,550 కిలోమీటర్లు. పోను రమారమి నాలుగు గంటలు, రాను మూడున్నర. మా అమ్మాయి వాళ్లు డల్లాస్ నుంచి దోహా వచ్చేటప్పుడు కూడా పోయేదాని కన్నా గంట, గంటన్నర తక్కువే.

దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ చెప్తాను. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిరిండియా ముందు అట్లాంటిక్ మీదుగా పడమరకు వెళ్లేది, దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దారి మార్చి తూర్పుకు తిప్పారు, పసిఫిక్ మహాసముద్రం మీదుగా. ఆ దారి 15,300 కిలోమీటర్లు. పద్నాలుగు వందలు ఎక్కువ. మరి టైమ్? పద్నాలుగున్నర గంటల్లో దిగింది. పాత దారి కన్నా దాదాపు రెండు గంటలు తక్కువ. వాలు పట్టుకుని పోయిన పడవ కథే. దూరం తక్కువున్న దారి ఆలస్యమైంది, ఎక్కువున్న దారి ముందు చేర్చింది.

మన వైపు ఆకాశంలో మరో విశేషం ఉంది. వానాకాలంలో దక్షిణ భారతం మీద, ఇంకా పై ఎత్తున, గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకు పారుతుంది. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని గుర్తించి 1950ల్లో ప్రపంచానికి వివరించినవారు పంచేటి కోటేశ్వరం గారు, మన తెలుగువారే. తరవాత భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేశారు. మన నైరుతి వానలకూ ఆ ప్రవాహానికీ దగ్గరి సంబంధం ఉంది. ఈ డెల్టాలో సార్వా వేసే ప్రతి రైతూ ఆ గాలి మీద ఆధారపడి ఉన్నాడు. ఆయన పేరు మన పాఠాల్లో ఇంకా గట్టిగా వినపడాలని నా కోరిక.

ఇక టికెట్ మీద రాసే గంటలు.

మధురపూడి నుంచి శంషాబాద్ 360 కిలోమీటర్లని ఇందాక కట్టాం. ఈ దారిలో తిరిగే రెక్కల ముందు పంకాలుండే ఏటీఆర్ విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే నలభై మూడు నిమిషాలు. టికెట్ మీద మాత్రం గంట దాటి ఉంటుంది. మిగతా టైమ్ ఎక్కడికి పోయింది? టికెట్ లెక్క విమానం గాల్లోకి లేచినప్పుడు మొదలవదు. నిలబడి ఉన్నప్పుడు చక్రాల ముందు దిమ్మలు పెడతారు చూడండి, ఎడ్లబండి చక్రానికి రాయి అడ్డం పెట్టినట్టు. అవి తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతల ఊళ్లో ఆగి మళ్లీ దిమ్మలు పెట్టేదాకా టికెట్ టైమ్. అందుకే ఆ పనిలో ఉన్నవాళ్లు దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాకడం, వరసలో ఆగడం, మెల్లగా ఎత్తుకెక్కడం, మెల్లగా దిగడం, దిగాక మళ్లీ గేటు దాకా పాకడం, అన్నీ అందులోకే వస్తాయి.

ఒకే దారిలో ఒకరోజు త్వరగా, ఒకరోజు ఆలస్యంగా ఎందుకు దిగుతామో కూడా చెప్తాను, ఇది కిటికీలోంచి మీరే చూడొచ్చు. విమానం పైకి లేవడమైనా కిందికి దిగడమైనా గాలికి ఎదురుగానే. రన్‌వే మొదట్లో తెల్లరంగుతో పెద్ద అంకెలు రాస్తారు. దానికి ఒక సున్నా చేరిస్తే దిక్సూచి డిగ్రీలు. మధురపూడిలో 05, 23. శంషాబాద్‌లో 09, 27, అంటే తిన్నగా తూర్పు, తిన్నగా పడమర. మనం వెళ్లేది తూర్పు నుంచి. ఆ రోజు శంషాబాద్‌లో గాలి పడమర నుంచి వీస్తుంటే విమానం వెళ్లినది వెళ్లినట్టు దిగిపోతుంది. గాలి తూర్పు నుంచి వీస్తుంటే ఊరు దాటి పడమరకు పోయి, వెనక్కి తిరిగి దిగాలి. పది నిమిషాల తేడా అక్కడే వచ్చేస్తుంది. ఈసారి వెళ్లినప్పుడు గమనించండి.

మన ఊరి నుంచి మధురపూడికి రావులపాలెం మీదుగా కారులో రెండున్నర గంటలు. అక్కడ గంటన్నర ముందు ఉండాలి. గాల్లో ముప్పావు గంట. శంషాబాద్‌లో దిగి ఊళ్లోకి మళ్లీ గంట. అన్నీ కలిపితే దాదాపు ఆరు గంటలు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో పడుకుంటే తెల్లారేసరికి చేరతాం. ఏది మేలో ఎవరి అవసరం వాళ్లది. "విమానంలో గంటే కదా" అనుకుని ఇంటి దగ్గర బయల్దేరే టైమ్ తప్పు వేసుకోకూడదని చెప్పడమే నా ఉద్దేశం. 2024 డిసెంబరు నుంచి మధురపూడిలో ముంబైకి, ఢిల్లీకి నేరుగా విమానాలు కూడా మొదలయ్యాయి, కాబట్టి ఈ లెక్క ఇప్పుడు మరీ అవసరం.

ఈ తప్పు మేమే చేశాం. అమ్మాయి పురుటికి మా ఆవిడా నేనూ డల్లాస్ వెళ్లాలి. మధురపూడి నుంచి హైదరాబాద్‌కు ఒక టికెట్టు, హైదరాబాద్ నుంచి అమెరికాకు వేరే కంపెనీది వేరే టికెట్టు కొన్నాం. రెంటి మధ్య నాలుగు గంటలుంది, చాలనుకున్నాం. జనవరి నెల. మన దగ్గర ఆ నెలలో పొద్దున్నే పొగమంచు ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. రన్‌వే కనపడక హైదరాబాద్ నుంచి రావాల్సిన విమానమే రాలేదు. అది వస్తేనే కదా మేం ఎక్కేది. కుర్చీలో కూర్చుని మా ఆవిడ గడియారం చూసుకుంటోంది, ఒళ్లో పచ్చళ్ల సంచి. మూడు గంటలు ఆలస్యంగా లేచాం. శంషాబాద్‌లో పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి కౌంటర్ మూసేశారు. అంతర్జాతీయ విమానాలకు గంట ముందే మూసేస్తారు. రెండు టికెట్లూ వేరువేరు కాబట్టి "మీ ఆలస్యంతో మాకు సంబంధం లేదు" అన్నారు. వాళ్ల నిబంధన ప్రకారం వాళ్లు అన్నది సరే. కొత్త టికెట్లు కొనుక్కుని మూడో రోజు బయల్దేరాం. మేం దిగేసరికి మనవరాలు పుట్టి ఒక రోజైంది. మా ఆవిడ ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

కాబట్టి ఎంత దూరం వెళ్తున్నా మొదటి ఊరి నుంచి చివరి ఊరి దాకా ఒకే పీఎన్ఆర్ నంబరు మీద టికెట్ తీసుకోండి. మధ్యలో ఆలస్యమైతే తరవాతి విమానం చూసి పంపించే బాధ్యత అప్పుడు వాళ్లమీద ఉంటుంది. అలా దొరక్కపోతే, ముఖ్యంగా డిసెంబరు, జనవరిల్లో, ముందు రోజే రైల్లో హైదరాబాద్ వెళ్లి పడుకోండి.

ఇప్పుడు తాటిపాక సెంటర్ టికెట్టు దగ్గరికి వస్తాను. మిగిలింది గడియారం.

సూర్యుడు ఒక డిగ్రీ రేఖాంశం దాటడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. పదిహేను డిగ్రీలకు ఒక గంట. మన దేశమంతటికీ ఒకే గడియారం ఉండాలని 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశాన్ని ఎంచుకున్నారు, 1906 నుంచి అదే భారత ప్రామాణిక కాలం. ఆ రేఖ ఎక్కడినుంచి పోతుందో తెలుసా? ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గర నుంచి కిందికి దిగి, మన కాకినాడ పక్కన సముద్రంలో కలుస్తుంది. దేశమంతా చూసుకునే గడియారం మన ముంగిట్లో ఉందన్నమాట! అమలాపురం 82 డిగ్రీల మీద ఉంది, తేడా అర డిగ్రీ, అంటే రెండే నిమిషాలు. గుజరాత్‌లో ద్వారకలో గడియారానికీ సూర్యుడికీ దాదాపు గంట తేడా ఉంటుంది.

కువైట్‌వాళ్లు 45 డిగ్రీల రేఖను పట్టుకున్నారు. 82న్నరలోంచి 45 తీస్తే 37న్నర. పదిహేనుతో భాగిస్తే రెండున్నర గంటలు. సూర్యుడు మన దగ్గర ముందు పొడుస్తాడు కాబట్టి మనం రెండున్నర గంటలు ముందుంటాం. ఈ లెక్క నాకు పుస్తకంలో కన్నా ముందు ఇంట్లో వచ్చింది. మా పెద్దక్క తొంభైల్లో కువైట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్లింది. అప్పుడు రాజమండ్రిలో కోణార్క్ ఎక్కి రోజంతా ప్రయాణం చేసి ముంబై, అక్కడ విమానం. విమానంలో నాలుగు గంటలేనట, రైల్లో కూర్చున్నదే ఎక్కువ అని ఉత్తరంలో రాసింది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్ చేస్తానని చెప్పింది. మా అమ్మ పదకొండున్నరకే ఎస్టీడీ బూత్ దగ్గర బెంచీ మీద కూర్చునేది. రెండున్నర దాకా ఫోన్ మోగేది కాదు. మొదటి వారం ఏమైందో అని ఏడ్చేసింది. అక్క చెప్పిన పన్నెండు అక్కడి పన్నెండని తరవాత తెలిసింది. రెండో వారం నుంచి అమ్మ అన్నం తిని, రెండింటికి బయల్దేరేది.

టికెట్ మీద బయల్దేరే టైమ్ బయల్దేరే ఊరిది, దిగే టైమ్ దిగే ఊరిది. ఆవిడ కూతురు మన ఎనిమిదింటికి లేస్తుంది. అక్కడి పదింపావు అంటే మన పన్నెండుంముప్పావు. ప్రయాణం నాలుగుముప్పావు గంటలు. 3,370ని దాంతో భాగిస్తే గంటకు 700 చిల్లర. పాకడాలు, ఎక్కడాలు, దిగడాలు, ఎదురుగాలి అన్నీ పోను సరిగ్గా సరిపోయింది. టికెట్టు నిజమైందేనమ్మా.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా. "భూమి తిరుగుతోంది కదండీ, విమానం పైకి లేచి అక్కడే ఆగిపోతే అమెరికా తనంతట తనే కిందికి వచ్చేస్తుంది కదా?" భేష్. మన అక్షాంశం దగ్గర భూమి గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది, నువ్వు అడిగింది జరిగితే ఎంత బావుణ్ణు! కాని భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది. నడుస్తున్న రైల్లో నిమ్మకాయ పైకి ఎగరేస్తే మళ్లీ నీ చేతిలోనే పడుతుంది కదా, వెనక బోగీలో పడదు. ఆ నిమ్మకాయా, నువ్వూ, బోగీలో గాలీ అన్నీ రైలుతో పోతున్నాయి. విమానం కూడా నేల మీద ఉన్నప్పుడే ఆ పదహారొందల వేగంతో ఉంది. పైకి లేచినా ఆ వేగం దాన్ని వదలదు.

ఇంకెవరైనా అడగాలంటే తరవాత నా దగ్గరికి రండి. కాయా దారం ఇక్కడే బల్ల మీద వదిలి వెళ్తున్నాను, వాడిపోయేదాకా వాడుకోండి. కువైట్ చుక్క ఇంకా పెట్టలేదు. 29 డిగ్రీల ఉత్తరం, 48 డిగ్రీల తూర్పు. అట్లాస్ మూడో అరలో ఉంది.